మొలలే అన్నారు – చూచినదెవరు?

ఈ నెల మేము వ్రాయుచున్న సంగతి భోజనపు వేళ చదువదగినది కాదు. మలవిసర్జనను గూర్చి, అందులో కనబడే రక్తమును గూర్చి, పెద్దపేగుకు వచ్చే క్యాన్సర్‌ను గూర్చి వ్రాస్తున్నాము. కుటుంబ పత్రికలో ఈ మాటలేమిటని ముఖము చిట్లించేవారు ఉంటారు. మేమును ఒకప్పుడు అట్లే చిట్లించిన వారమే. అందువలననే ఇది వ్రాయవలసి వచ్చింది.

2021 డిసెంబరు నెల. క్రిస్మస్ పాటలకు ఇల్లిల్లూ తిరిగి వస్తున్నాము. చలిగా ఉన్నది. పిల్లలు లైటు పట్టుకుని ముందుకు పోయిన తరువాత మా సంఘపెద్ద ఒకరు వెనుక నిలిచి, గొంతు తగ్గించి, "అయ్యగారూ, ఒక ప్రార్థన మనవి ఉందండి. నలుగురిలో చెప్పేది కాదు. దొడ్డికి వెళ్ళినప్పుడు రక్తం పడతా ఉంది. మొలలంట" అన్నారు.

మొలలని చెప్పినది ఎవరని మేము అడగలేదు. ఎన్నాళ్ళ నుండి అని అడగలేదు. ఎవరికైనా చూపించుకున్నారా అని కూడా అడగలేదు. ఆ మాట చెవిని బడగానే ఆయన కంటె మాకే ఎక్కువ సిగ్గు కలిగింది. దారి ప్రక్కన నిలబడి, ఆయన చేతులు పట్టుకుని, మొలలు మానునట్లు ప్రార్థన చేసి పంపించాము.

అప్పటికే ఊళ్ళో ఆర్.ఎం.పి. డాక్టరు మందులిస్తున్నాడు. "మిరప చేలో ఎండకు తిరుగుతున్నావు, వేడి చేసింది" అన్నాడట. మజ్జిగ త్రాగారు, సబ్జా గింజలు నానబోసుకుని త్రాగారు. కారము మానారు. (మిరప పండించే ఊళ్ళో కారము మానుట ఎంతటి త్యాగమో మా ప్రాంతపు వారికి చెప్పనక్కరలేదు.) తరువాత పట్నములో, ఆపరేషన్ లేకుండా మొలలు మాన్పుతామని గోడల మీద వ్రాయించుకున్న ఒక వైద్యుని దగ్గర ఇంజక్షన్లు చేయించుకున్నారు. నెలన్నర రోజులు రక్తము ఆగింది. ఆ ఆదివారము ఆయన కృతజ్ఞత కానుక కూడా వేశారు. పేగులోని పుండు నుండి రక్తము కొన్నాళ్ళు కారి, కొన్నాళ్ళు తనంతట తానే ఆగుట మామూలేనని అప్పుడు మాకెవరికీ తెలియదు. ఆ ఆగుటయే మమ్ములను మోసము చేసింది.

2023 ఫిబ్రవరిలో ఆయన ప్రభురాత్రి భోజనపు బల్ల దగ్గర నిలబడినప్పుడు చూచాము. చొక్కా కొయ్యకు తగిలించినట్లు వ్రేలాడుతున్నది. కోతలైన తరువాత వెళ్తానన్న మనిషిని ఈసారి మేమే వెంటబెట్టుకుని జిల్లా కేంద్రములోని పెద్దాసుపత్రికి తీసుకుపోయాము. అక్కడ ఒక చిన్న వయసు డాక్టరమ్మ, మా కుమార్తె వయసు ఉంటుందేమో, తెర లాగి, చేతికి తొడుగు వేసుకుని, వ్రేలితో లోపల పరీక్ష చేసింది. రెండు నిమిషములు కూడా పట్టలేదు. బయటికి వచ్చి మమ్ములను ప్రక్కకు పిలిచి, "లోపల గట్టిగా గడ్డ తగులుతున్నది. ఇంతకు ముందు ఎవరూ చూడలేదా?" అని అడిగింది.

పదునాలుగు నెలలు. ముగ్గురు వైద్యుల చేతులు మారారు. ఒక పాస్టరు ప్రార్థన చేశాడు. ఎవరూ చూడలేదు.

స్కాను తీస్తే కాలేయమునకు ప్రాకినట్లు తెలిసింది. అప్పటికి ఆయన వయస్సు 54 సంవత్సరములు. 2024 మార్చి నెలలో, మట్టల ఆదివారము ఇంకా రాకమునుపే, ప్రభువునందు నిద్రించారు.

ఆయన మరణమును గూర్చి దేవుని చిత్తము అని సమాధి దగ్గర మేము చెప్పాము. దానిని కాదనము. అయితే మా అశ్రద్ధను కూడా దేవుని చిత్తము క్రింద దాచివేయుట న్యాయము కాదు.

ఇక ఈ జబ్బు సంగతి. మనము తిన్న ఆహారము చిన్నపేగులో అరిగి, మిగిలినది పెద్దపేగులోనికి వస్తుంది. అది సుమారు అయిదు అడుగుల పొడవు ఉండే గొట్టము. దాని చివరి జానెడు భాగమును పురీషనాళము అంటారు. వయస్సు మీరినకొలది కొందరికి ఈ గొట్టము లోపలి గోడ మీద పులిపిరుల వంటి చిన్న కంతులు పుడతాయి. డాక్టర్లు వాటిని పాలిప్‌లు అంటారు. నొప్పి ఉండదు, బాధ ఉండదు. వాటిలో ఎక్కువ భాగము ఎన్నటికీ హాని చేయవు. కొన్ని మాత్రము మెల్లగా పెరిగి, సాధారణముగా పది సంవత్సరముల వరకు పట్టి, క్యాన్సర్‌గా మారతాయి. పది సంవత్సరములు! ఆడపిల్ల పుట్టి ఐదవ తరగతికి వచ్చేంత కాలము. ఇంత గడువు ఇచ్చే క్యాన్సర్లు అరుదు. కంతిగా ఉన్నప్పుడే కనిపెట్టి తీసివేస్తే క్యాన్సర్ రానే రాదు. క్యాన్సర్ అయినను గోడ దాటకముందే దొరికితే, అమెరికా దేశపు లెక్కల ప్రకారము నూటికి సుమారు 90 మంది అయిదేళ్ళ తరువాత కూడా బ్రతికి ఉంటున్నారు. మా పెద్దగారికి వలె దూరపు అవయవములకు ప్రాకిన తరువాత దొరికితే ఆ సంఖ్య నూటికి 15 దగ్గరకు పడిపోతుంది.

ఒంట్లో ఏ బాధా లేకముందే వెదకుటను డాక్టర్లు స్క్రీనింగ్ అంటారు. ఇది రెండు విధములుగా జరుగుతుంది. మొదటిది మల పరీక్ష. కంటికి కనబడనంత కొద్ది రక్తము మలములో ఉన్నదేమో చూస్తారు. ఇప్పుడు వాడుకలో ఉన్న ఫిట్ అనే పరీక్ష మనిషి రక్తమును మాత్రమే పసిగడుతుంది గనుక పథ్యము కూడా అవసరము లేదు. చిన్న పుల్లతో నాలుగు చోట్ల గుచ్చి, సీసాలో పెట్టి ఇచ్చివేయుటే. ఏటా ఒకసారి చేయించుకోవాలి. రెండవది కొలనోస్కోపీ. కెమెరా ఉన్న సన్నని గొట్టముతో పేగు అంతా చూచి, కంతులు కనబడితే అప్పుడే తీసివేస్తారు. అంతా శుభ్రముగా ఉంటే మరల పదేళ్ళ వరకు అవసరము లేదు.

మల పరీక్ష వలన ప్రయోజనమా అని నవ్వేవారికి ఒక సంగతి. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రములో 46 వేల మందికి పైగా మనుష్యులతో ఒక పెద్ద అధ్యయనము చేశారు. అప్పటికింకా ఫిట్ రాలేదు, పాత రకపు పరీక్షయే. అయినను ఏటేటా పరీక్ష చేయించుకున్నవారిలో ఈ క్యాన్సర్ మరణములు మూడవ వంతు తగ్గినట్లు 1993లో ప్రకటించారు. పెద్ద వయస్కులకు మరొక మాట. అమెరికా అధ్యక్షుడు రొనాల్డ్ రీగన్‌కు 1985 జూలైలో, 74 ఏళ్ళ వయస్సులో, కొలనోస్కోపీ చేస్తే పెద్ద కంతి బయటపడింది. ఆపరేషన్ చేసి తీశారు, అది క్యాన్సర్ అని తేలింది. ఆయన 2004 వరకు, 93 ఏళ్ళు బ్రతికారు.

"అది దేశాధ్యక్షుడికి, మాబోటి వాళ్ళకు ఎవరు చేస్తారయ్యగారూ?" అని మా సంఘములో ఒకరు వెంటనే అడిగారు. న్యాయమైన ప్రశ్న. మన దేశములో 2016లో కేంద్ర ప్రభుత్వము 30 ఏళ్ళు దాటిన వారందరికీ క్యాన్సర్ పరీక్షలకు మార్గదర్శకములు ఇచ్చినప్పుడు నోటి క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్, ఈ మూడింటినే తీసుకున్నది. పాశ్చాత్య దేశములతో పోల్చితే పెద్దపేగు క్యాన్సర్ మన దగ్గర తక్కువ గనుక అది ఆ జాబితాలో లేదు. కాబట్టి మన ఇంటికి వచ్చే ఆశా కార్యకర్తగాని, ఏ.ఎన్.ఎమ్. గాని దీనిని గూర్చి అడుగరు. అది వారి తప్పు కాదు. ఎవరూ వచ్చి తలుపు తట్టరు, మనమే వెళ్ళి అడగవలెనని మాత్రము తెలుసుకోవాలి. మరి తక్కువ అంటే లేదని కాదు. ప్రపంచము మొత్తము మీద ఏటా సుమారు 19 లక్షల మందికి ఈ జబ్బు కొత్తగా వస్తున్నది. మన దేశములో వచ్చేవారిలో నలభైలలో ఉన్నవారు, అంతకంటె చిన్నవారు కూడా ఎక్కువగా కనబడుతున్నారని, పురీషనాళములోనే వచ్చేది ఎక్కువని క్యాన్సర్ ఆసుపత్రుల వారు చెబుతున్నారు. పురీషనాళములో చాలా గడ్డలు వ్రేలికి అందే దూరములోనే ఉంటాయి.

ఆ వ్రేలి పరీక్షకు యంత్రము అక్కరలేదు, కరెంటు అక్కరలేదు. ఒక తొడుగు, ఒక తెర చాలు. అయినను జరగదు. ఎందుకు?

మొదటిది సిగ్గు. మన ఊళ్ళలో బయటికి వెళ్తున్నానని చెప్పుటకు కూడా సంకోచించి చెంబు కొంగు చాటున పెట్టుకుని పోయిన తరము ఇంకా బ్రతికే ఉన్నది. ఆ తల్లులు మగ డాక్టరు దగ్గర ఆ భాగము చూపించుకుంటారా? భర్తకు చెప్పరు, కొడుకులకు అసలే చెప్పరు. చెబితే పాస్టరు భార్యకు చెబుతారు, అదీ వంటింట్లో. మా ఇంట్లో అమ్మగారు ఇటువంటి మాటలు ఎన్ని విని, "వేడి చేసిందేమో" అని సమాధానపరచి పంపారో ఇప్పుడు తలచుకుని బాధపడుతున్నారు.

సిగ్గు ప్రాణము తీయుట మన దేశములో కొత్త కాదు. 1890లలో తమిళ దేశములోని తిండివనములో ఒక మిషనరీ డాక్టరు ఇంటికి ఒకే రాత్రి ముగ్గురు మనుష్యులు ఒకరి తరువాత ఒకరు వచ్చారు. ముగ్గురి భార్యలును ప్రసవవేదనలో ఉన్నారు. డాక్టరు మగవాడు గనుక రానివ్వము, మీ కుమార్తెను పంపండి అన్నారు. ఆ కుమార్తె అప్పటికి వైద్యము చదువలేదు. తెల్లవారేసరికి ముగ్గురు స్త్రీలును చనిపోయారు. ఆ అమ్మాయియే ఐడా స్కడ్డర్. అమెరికాకు వెళ్ళి డాక్టరై 1900లో తిరిగి వచ్చి వెల్లూరు ఆసుపత్రిని స్థాపించింది. మన గుంటూరుకు అంతకు ముందే, 1883లో, లూథరన్ మిషను తరఫున డాక్టర్ అన్నా కుగ్లర్ వచ్చింది. ఆమె స్త్రీల కొరకు ఆరంభించిన పనియే కుగ్లర్ ఆసుపత్రిగా పేరు పొందింది. ఆ కాలపు భర్తలను మనమిప్పుడు మూర్ఖులంటాము. మన ఇంట్లో అమ్మ రక్తము పోయి పాలిపోతూ ఉంటే, ఏమైందని అడుగుటకు సిగ్గుపడే కొడుకును ఏమనాలి?

పరిశుద్ధ గ్రంథమునకు ఈ సిగ్గు లేదు. ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయములో పాళెము వెలుపలికి వెళ్ళినప్పుడు గుంట త్రవ్వి కప్పవలెనని, అందుకు పనిముట్టు దగ్గర ఉంచుకొనవలెనని ఆజ్ఞ ఉన్నది. మార్కు సువార్త 5వ అధ్యాయములోని స్త్రీని మనము విశ్వాసమునకు మాదిరిగా బోధిస్తాము. పండ్రెండేళ్ళు రక్తస్రావము, ఎందరో వైద్యులు, ఉన్నదంతా ఖర్చు. మా పెద్దగారి సంగతియే కదా! అయితే ప్రభువు ఆమెను స్వస్థపరచి ఊరకే పంపలేదు. గుంపు మధ్య నిలిపాడు. ఆమె తన సంగతి యావత్తు చెప్పేవరకు ఆగాడు. ఈ వచనము మీద మేము కనీసము పది ప్రసంగములు చేసి ఉంటాము. చెప్పుకొనలేని జబ్బును చెప్పనిచ్చుట కూడా స్వస్థతలో భాగమని ఒక్కసారియైనా చెప్పలేదు.

దీనికి ఎదురుగా మరొక భయమున్నది. పేగుల జబ్బు అనగానే రెండవ దినవృత్తాంతములు 21వ అధ్యాయములోని యెహోరాము రాజు మన విశ్వాసులకు జ్ఞాపకము వస్తాడు. దేవుడు అతనిని పేగుల రోగముతో మొత్తాడు గనుక, ఈ రోగము వచ్చినవాడు ఏదో దాచిన పాపము చేసి ఉంటాడని గుసగుసలు. మా పెద్దగారి భార్య చెవిన కూడా ఈ మాట పడింది. అన్నది మన వారే. యెహోరాము తన తమ్ములను కత్తితో చంపించినవాడు. మిరప చేనుకు నీళ్ళు కట్టుకుని, కౌలు చెల్లించి, ప్రతి ఆదివారము మందిరము తలుపు తీసిన మనిషికి అతనికి పోలిక ఏమిటి? ఇటువంటి మాట వినవలసి వస్తుందని తెలిసిన మనిషి రక్తమును చూచి కూడా నోరు మెదపకపోతే ఆశ్చర్యము లేదు.

ప్రార్థన చేయించుకున్న తరువాత పరీక్షకు వెళ్ళుట అవిశ్వాసమని కొందరు బోధకులు చెబుతున్నారు. హిజ్కియాకు పదిహేనేళ్ళ ఆయుష్షు వాగ్దానము వచ్చిన తరువాత కూడా యెషయా అంజూరపు పండ్ల ముద్ద పుండు మీద కట్టించాడు. దీనిపై ఇంతకంటె వాదన పెంచము.

రెండవ అడ్డు మనము తేలికగా తీసివేయలేనిది. పరీక్ష అంటే ఏమిటో పట్నపు డాక్టరుకు తెలుసు, పల్లెలో దానికి ఏమి కావాలో తెలియదు. కొలనోస్కోపీకి ముందు రోజు పేగు ఖాళీ చేయుటకు లీటర్ల కొలది మందు నీళ్ళు త్రాగమంటారు. రాత్రంతా పది పదిహేను సార్లు వెళ్ళవలసి వస్తుంది. ఇంట్లో మరుగుదొడ్డి లేని ముసలమ్మ, లేక ఉన్నదానిలో పిడకలు, కట్టెలు నింపుకున్న ముసలమ్మ, చీకట్లో ఎన్నిసార్లు పొలము గట్టుకు పోగలదు? ఉదయము మొదటి బస్సులో రెండు గంటలు కూర్చుని ఎట్లు పోగలదు? మత్తు ఇస్తారు గనుక తోడు ఒకరుండాలి. అంటే రెండు కూలి దినములు పోతాయి, కోతల కాలమైతే నాలుగు. పరీక్ష ఖర్చు కొన్ని వేలు. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ వంటి పథకములు, నేడు ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి.ఆర్. వైద్యసేవ, పేదల ఆపరేషన్లకు, క్యాన్సర్ చికిత్సకు గొప్ప మేలు చేశాయి. కాని అవి ముఖ్యముగా జబ్బు పడినవాని కొరకు ఏర్పడినవి. జబ్బు రాకముందే వెదకబోయేవాడు చాలావరకు తన చేతి డబ్బుతోనే వెదకాలి. అందుచేతనే కొన్ని వందల రూపాయలలో అయిపోయే మల పరీక్ష పల్లెవారికి తగినదని మా అభిప్రాయము. ముసలమ్మ ఇంటి దగ్గరే ఉండవచ్చును, సీసా మాత్రమే పట్నము పోతుంది.

ఆర్.ఎం.పి. డాక్టర్లను తిట్టుట సులభము. అర్ధరాత్రి జ్వరము వస్తే వచ్చేది అతడే. అప్పు పెట్టుకునేది అతడే. అతనికి ఒక్క మాట చెప్పండి, మేమూ చెప్పాము: రక్తము పడుతున్నదంటే మందు ఇవ్వకముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపు. మా ఊరి అతను మొదట ముఖము ముడుచుకున్నాడు. తరువాత తన తల్లినే తీసుకువెళ్ళాడు.

ఇంకొక అడ్డు మన గర్వము. "ఇవి పట్నపు జబ్బులు, మాంసము తిని కుర్చీలో కూర్చునేవాళ్ళకు వస్తాయి, మనకెందుకు?" అంటారు. ఈ మాటలో కొంత నిజమున్నది. దానిని లోకమునకు చెప్పినది కూడా మన విశ్వాసియే. డెనిస్ బర్కిట్ అనే ఐర్లాండు డాక్టరు, చిన్నతనములోనే ఒక కన్ను పోయినవాడు, 1946లో యుగాండాకు వెళ్ళి సుమారు ఇరువది సంవత్సరములు శస్త్రవైద్యునిగా పని చేశారు. పీచు గల ధాన్యములు, దుంపలు తినే ఆఫ్రికా పల్లెల వారిలో ఈ క్యాన్సర్ చాలా అరుదని మిషను ఆసుపత్రుల వారికి ఉత్తరములు వ్రాసి, లెక్కలు తెప్పించుకుని, 1971లో ప్రకటించారు. మన తాతలు జొన్నన్నము, రాగి సంగటి తిన్నప్పుడు మన సంగతియు అట్లే ఉండి ఉంటుంది. నేడు మన పళ్ళెములో ఏమున్నది? మూడు పూటలా తెల్లగా మరపట్టిన బియ్యము. పిల్లల చేతిలో నూనె పొట్లములు. మగవారికి చుట్ట, సిగరెట్టు, సారా. పొగాకు, మద్యము రెండును ఈ క్యాన్సర్‌కు తోడ్పడునవే. పని కూడా ట్రాక్టరు, మందు కొట్టే యంత్రము చేస్తున్నాయి. పల్లెలో ఉన్నామే గాని పల్లె తిండి తినుట లేదు. అయినను జొన్నన్నము తినేవానికి ఇది రానే రాదని ఎవరూ అనుకొనవద్దు. మా పెద్దగారు సారా ముట్టనివారు.

సంచి భయము కూడా చెప్పాలి. ఆపరేషన్ చేస్తే పొట్టకు రంధ్రము పెట్టి సంచి తగిలిస్తారని విని చాలామంది ఆసుపత్రి మెట్లు ఎక్కరు. మా పెద్దగారికి అడ్డు తొలగించుటకు సంచి పెట్టారు. వాసన వస్తుందేమోనని ఆయన మందిరములో ఎప్పుడూ కూర్చునే ముందు వరుస వదిలి, తలుపు దగ్గర చెప్పుల ప్రక్కన కూర్చునేవారు. నాలుగు ఆదివారములు మేము పులపీఠము నుండి చూచాము. ఐదవ ఆదివారము మా ఇంటి అమ్మగారు వెళ్ళి ఆయన భార్యతో కూడ ఆయనను ముందు వరుసకు తీసుకువచ్చి, ఇద్దరి ప్రక్కన తానే కూర్చున్నది. సంచి సరిగా అంటించుకుంటే వాసన రాదు. చాలామందికి కొన్ని నెలల తరువాత సంచి తీసి పేగును మరల కలుపుతారు. జబ్బు ఎంత త్వరగా దొరికితే శాశ్వతముగా సంచి అవసరమయ్యే అవకాశము అంత తక్కువ. సంచికి భయపడి ఆలస్యము చేసేవారికే సంచి ఎక్కువగా మిగులుతుంది.

ఎవరు, ఎప్పుడు వెళ్ళాలి? రక్తము కంటికి కనబడుతున్నవారు, ఎర్రగా ఉన్నను నల్లగా ఉన్నను, వయస్సు ఎంతైనను, ఈ మల పరీక్ష కొరకు ఎదురు చూడవద్దు. నేరుగా ఎం.బి.బి.ఎస్. చదివిన డాక్టరు దగ్గరకు వెళ్ళి, వ్రేలితో పరీక్ష చేయండి అని నోరు తెరచి అడగండి. స్త్రీలు డాక్టరమ్మనే అడగవచ్చును. రక్తము పడేవారిలో ఎక్కువ మందికి మొలలే ఉంటాయి, హడలిపోవద్దు. మొలలును క్యాన్సరును ఒకే మనిషికి ఉండవచ్చును గనుక మొలలు కనబడినంత మాత్రాన ఆగవద్దు. మలవిసర్జన అలవాటు కొన్ని వారములుగా మారినవారు, వెళ్ళి వచ్చినా ఇంకా ఉన్నట్లే అనిపించేవారు, కారణము లేక చిక్కిపోతున్నవారు వెళ్ళాలి. రక్తము తక్కువగా ఉన్నదని ఐరన్ బిళ్ళలు వాడుతున్న మగవారు, ముట్లు ఉడిగిన స్త్రీలు, రక్తము ఎక్కడ పోతున్నదని డాక్టరును అడగండి. ఆ బిళ్ళలు వాడితే మలము నల్లబడుతుంది, ఆ నలుపులో అసలు నలుపు తెలియకుండ పోతుంది.

ఏ బాధా లేనివారికి అమెరికా నిపుణులు 2021లో మొదటి పరీక్ష వయస్సును 50 నుండి 45కు తగ్గించారు. ఇంట్లో తల్లికో, తండ్రికో, తోబుట్టువుకో ఈ జబ్బు వచ్చి ఉంటే 40వ ఏట, లేదా వారికి జబ్బు తెలిసిన వయస్సుకు పదేళ్ళ ముందు, ఏది ముందైతే అప్పుడు, సాధారణముగా కొలనోస్కోపీయే చేయించుకోమంటారు. తండ్రికి 45లో వస్తే కొడుకుకు 35లో అన్నమాట. మల పరీక్షలో రక్తమున్నదని వస్తే అది క్యాన్సర్ అని కాదు, కొలనోస్కోపీ తప్పనిసరి అని అర్థము. అక్కడ మానివేస్తే మొదటి పరీక్ష చేయించుకుని ప్రయోజనము లేదు. జబ్బు తేలినవారికి హైదరాబాదు ఎం.ఎన్.జె. ఆసుపత్రి, విశాఖ దగ్గర అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, గుంటూరు ప్రభుత్వాసుపత్రిలోని నాట్కో క్యాన్సర్ విభాగము ఉన్నాయి.

పెద్దగారి జ్ఞాపకార్థ కూడికలో ఇవన్నియు మేము పులపీఠము నుండి చెప్పాము. ఆ రాత్రి డిసెంబరులో మేము అడగనిదేమిటో కూడా చెప్పాము. మందిరములో ఒకరు దగ్గారు, స్త్రీలు కొంగులు సర్దుకున్నారు, యౌవనస్థులు నవ్వు ఆపుకున్నారు. ఎవరూ ఏమీ అనలేదు. అయితే ఆ వారములో చీకటి పడిన తరువాత నీకొదేము వలె ఒక్కొక్కరుగా ఏడుగురు మా ఇంటికి వచ్చారు. అందులో అయిదుగురికి మొలలేనని డాక్టర్లు చూచి చెప్పారు. ఒక సహోదరికి ఇంకా పరీక్షలు జరుగుతున్నాయి. ఇతరులకు చెప్పి తాము చేయించుకోకపోతే బాగుండదని 46 ఏళ్ళ మేమును మల పరీక్ష చేయించుకున్నాము. సీసాను టిఫిను సంచిలో పెట్టుకుని బస్సులో వెళ్తుంటే, ప్రక్క సీటు పెద్దమనిషి ఏమి పట్టుకెళ్తున్నారయ్యగారూ అని అడిగాడు. నిజము చెప్పాము. మరి మాట్లాడలేదు.

ఏడవవాడు పెద్దగారి తమ్ముడు, 48 ఏళ్ళవాడు. అతనికి ఏ బాధా లేదు, వదినె పోరు పడలేక వచ్చాడు. అతని ఇంట్లో మరుగుదొడ్డి లేదు గనుక ముందు రాత్రి మా పాస్టరు గృహములోనే ఉండి మందు నీళ్ళు త్రాగాడు. మాకును నిద్ర లేదు. మరునాడు పేగులో రెండు కంతులు కనబడ్డాయి. అప్పుడే తీసి పరీక్షకు పంపారు. క్యాన్సర్ కాదు, వదిలివేస్తే కాగలిగిన రకమని వచ్చింది. మూడేళ్ళకు మరల రమ్మన్నారు. మర్చిపోతావేమో అంటే, అన్నగారి బైబిలు తెప్పించాడు. మొదటి పుటలో పిల్లల పుట్టిన తేదీలు, పెండ్లి తేదీలు, ఆ క్రింద అన్నగారు నిద్రించిన తేదీ ఉన్నవి. వదినె పెన్ను తీసుకుని ఆ తేదీ క్రింద తన చేతితో వ్రాసింది: 2027 జూన్, చిన్నాయనకు పరీక్ష.